సంతోష్ ట్రోఫీలో ఆ 3 కప్పులు ఎవరి ఖాతాలో? ఫుట్‌బాల్ సంఘాలకు బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

దేశవాళీ ఫుట్‌బాల్ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ విజేతల జాబితాలో 1956-57, 1957-58 సీజన్ల ఎదురుగా హైదరాబాద్ పేరు ఉంటుంది. 1965-66 ఎదురుగా ఆంధ్రప్రదేశ్ పేరు ఉంటుంది. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఏ జట్టు ఎన్నిసార్లు గెలిచిందో కూడటం మొదలుపెట్టగానే పేచీ వస్తుంది. హైదరాబాద్‌కు 2, ఆంధ్రప్రదేశ్‌కు 1 అని విడిగా రాసేవారున్నారు. మూడూ కలిపి ఆంధ్రప్రదేశ్‌కు కట్టబెట్టేవారున్నారు. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ తెలంగాణ రాజధాని కాబట్టి మొదటి రెండూ తెలంగాణవేననే వాదన కూడా ఉంది. మైదానంలో ఎప్పుడో తేలిపోయిన ఫలితాలకు కాగితం మీద ఇన్ని లెక్కలు ఉండకూడదు.

మేము కోరేవి రెండు పనులు. ఈ కూడికకు ఒక నియమం రాసి ప్రకటించండి. ఆ మూడు టోర్నీల మ్యాచ్ రికార్డుల్ని, దొరికిన ఆధారాలతో సహా, తిరిగి కూర్చి అందరికీ అందుబాటులో పెట్టండి. మొదటిదానికి ఒక సమావేశం సరిపోతుంది. రెండోదానికి ఓపిక కావాలి, పద్ధతి కావాలి. అందుకే ఈ లేఖలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాం.

ముందు పోటీ స్వభావం. సంతోష్ ట్రోఫీ 1941లో మొదలైంది. కలకత్తాలోని ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన అధ్యక్షుడిగా పనిచేసిన సంతోష్ మహారాజా మన్మథనాథ్ రాయ్ చౌధురి పేరిట ఈ కప్పు ఇచ్చింది. ఆ సంతోష్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లోని టాంగాయిల్ ప్రాంతంలో ఉంది. రన్నరప్‌కు కమలా గుప్తా ట్రోఫీ, మూడో స్థానానికి మైసూరు ఆటగాడు సంపంగి పేరిట కప్పు తర్వాత చేరాయి. తొలి ఫైనల్లో బెంగాల్ 5-1తో ఢిల్లీని ఓడించింది. అప్పటి నుంచీ ఈ పోటీలో దిగేవి రాష్ట్ర ప్రభుత్వాల జట్లు కావు, సమాఖ్యకు అనుబంధంగా ఉన్న సంఘాల జట్లు. సైనిక దళాల జట్టు సర్వీసెస్‌కు, రైల్వే ఉద్యోగుల జట్టు రైల్వేస్‌కు ఏ రాష్ట్రమూ లేదు. అయినా ఆ రెండూ కప్పు గెలిచాయి.

హైదరాబాద్ విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ రాష్ట్రం 1956 నవంబరు 1న రద్దయింది. 1957-58 పోటీ హైదరాబాద్ నగరంలోనే జరిగింది. ఫైనల్లో బొంబాయిని 3-1తో ఓడించిన జట్టు పేరు అప్పటికీ హైదరాబాదే. రాష్ట్రం పటంలో లేకుండా పోయాక కూడా ఆ పేరుతో జట్టు దిగింది, గెలిచింది. కప్పును రాష్ట్ర సరిహద్దులతో ముడిపెట్టడం కుదరదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

ఇక మొత్తాలు. 2024-25 వరకు లెక్క చూస్తే బెంగాల్ 33, పంజాబ్ 8, సర్వీసెస్ 7, కేరళ 7, గోవా 5, కర్ణాటక 5, మహారాష్ట్ర 4, రైల్వేస్ 3, హైదరాబాద్ 2, ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, మణిపూర్, మిజోరం తలా 1. కూడితే 78 వస్తుంది. 2024-25లో హైదరాబాద్‌లో జరిగింది 78వ పోటీ కాబట్టి లెక్క సరిపోయిందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి అది యాదృచ్ఛికంగా సరిపోయిన లెక్క. 1982-83లో బెంగాల్, గోవా సంయుక్త విజేతలు, ఒకే పోటీ రెండు ఖాతాల్లో చేరింది. 74వదిగా లెక్కించిన 2019-20 పోటీకి కోవిడ్ వల్ల తుది దశ జరగలేదు, విజేతే లేడు. అంటే పూర్తయినవి 77 పోటీలు, ఖాతాల్లో చేరిన విజయాలు 78. ఒక చోట ఒకటి పెరిగింది, మరో చోట ఒకటి తగ్గింది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అధికారిక పట్టిక కింద ఈ రెండు మాటలు రాసి ఉండాలి. లేకపోతే రేపు ఎవరో ఒకటి మాత్రమే సరిదిద్ది రెండోదాన్ని పాడుచేస్తారు.

పై పట్టికలో ఇంకో సంగతి ఉంది. కర్ణాటక 5 అన్నదాంట్లో 4 మైసూరు పేరుతో వచ్చినవి: 1946-47, 1952-53, 1967-68, 1968-69. ఐదోది 2022-23లో రియాద్‌లో మేఘాలయపై 3-2తో గెలిచినది. మహారాష్ట్ర 4లో ఒకటి, 1954-55ది, బొంబాయి గెలిచినది. ఈ రెండు కలుపుళ్లనూ ఎవరూ ప్రశ్నించరు. మైసూరు విషయంలో 1973లో మారింది పేరు మాత్రమే. బొంబాయి మాత్రం 1960లో రెండు రాష్ట్రాలుగా విడిపోయింది. అయినా 1954-55 కప్పులో సగం గుజరాత్‌కు ఇమ్మని ఎవరూ అడగలేదు. బొంబాయి కేంద్రంగా ఆ జట్టును నడిపిన సంఘమే మహారాష్ట్ర జట్టునూ నడిపింది కాబట్టి ఖాతా అటే సాగింది. రాసిపెట్టి ఉన్నా లేకున్నా, ఇన్నాళ్లుగా నడుస్తున్న నియమం ఇదే: సంఘం కొనసాగితే ఖాతా కొనసాగుతుంది.

ఈ నియమాన్ని మన మూడు కప్పులకు యథాతథంగా అన్వయిస్తే చిక్కొస్తుంది. సంఘం కార్యస్థానాన్ని చూస్తే 1965-66 కప్పు కూడా హైదరాబాద్ వెంట, అంటే తెలంగాణ వైపు వెళ్తుంది. కానీ ఆ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్, అది ఉమ్మడి రాష్ట్రపు జట్టు. పేరును చూస్తే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్తుంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో హైదరాబాద్ లేదు, అప్పటి జట్టుకు హైదరాబాద్ లేకుండా ఉనికే లేదు. ఏ వైపు తోసినా రెండో వైపు అన్యాయం కనబడుతుంది.

మా సూచన: ఏ వైపూ తోయకండి. క్రికెట్‌లో ఇలాంటి చిక్కుకు దారి ఉంది. రంజీ ట్రోఫీని హోల్కర్ జట్టు 4 సార్లు గెలిచింది. ఆ జట్టు ఆడిన ఇందోర్ ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది. అయినా 2021-22లో మధ్యప్రదేశ్ ముంబయిని ఓడించినప్పుడు దాన్ని తొలి టైటిల్ అనే రాశారు. హోల్కర్ ఖాతా హోల్కర్‌దిగానే ఉండిపోయింది. అలాగే ఇక్కడ కూడా హైదరాబాద్ 2 ముగిసిన ఖాతా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1 మరో ముగిసిన ఖాతా. ఇప్పటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జట్ల ఖాతాలు 2014 తర్వాత సున్నాతో మొదలవుతాయి. రెండింటి పేర్ల కిందా వారసత్వం అనే గడి ఒకటి పెట్టి, అందులో ముగిసిన ఖాతాల పేర్లు చూపించవచ్చు, మొత్తంలో మాత్రం కలపకూడదు. సున్నా అని చూసి నొచ్చుకునేవారుంటారు. అది వాస్తవమే కదా. 1965-66 తర్వాత ఈ కప్పు ఇటు రానేలేదు.

ఆటగాళ్ల పుట్టిన ఊళ్లు లెక్కగట్టి కప్పులు పంచుకుందామనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది, అది ఇంకా పనికిరాదు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు. హైదరాబాద్ తరఫున ఈ కప్పు గెలిచారు, ఆ తర్వాత బెంగాల్ తరఫునా గెలిచారు. పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లోనే, ఆయన మాత్రం సర్వీసెస్ గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్నారు. మహమ్మద్ హబీబ్ హైదరాబాద్‌వాసి, ఎక్కువ కాలం ఆడింది కలకత్తాలో. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ దారీ అదే. ఈ నగరం నుంచి ఇతర జట్లకు వెళ్లినవారి జాబితా రాస్తే, ఇక్కడి జట్టు జాబితా కంటే అదే పొడవుగా ఉంటుందేమో. అది గర్వపడాల్సిన విషయమే, దానికి వేరే పట్టిక వేయండి. కప్పు మాత్రం రిజిస్ట్రేషన్ ఏ సంఘంలో ఉంటే ఆ సంఘానిదే.

1956-57లో తిరువనంతపురం ఫైనల్లో హైదరాబాద్ 4-1తో బొంబాయిని ఓడించింది. ఆ జట్టు వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ క్లబ్బు 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఈ క్లబ్బు విజయాలనూ సంతోష్ ట్రోఫీ విజయాలనూ కలిపేసి రాయడం మనవాళ్లకు బాగా అలవాటైన తప్పు. రోవర్స్, డ్యూరాండ్ క్లబ్బుల పోటీలు, సంతోష్ ట్రోఫీ సంఘాల పోటీ. ఆటగాళ్లలో చాలామంది రెండు చోట్లా ఉండటం వల్ల జ్ఞాపకాల్లోనూ, అభినందన సభల కరపత్రాల్లోనూ ఇవి కలగాపులగం అవుతాయి. రికార్డు రాసేవారు మొదట వేరుచేయాల్సింది ఇదే.

ఇప్పుడు రెండో పని. సులువుగా దొరికే పట్టికల్లో ఈ మూడు ఫైనళ్లకు స్కోరు ఉంటుంది, గోల్ కొట్టినవారి పేరు ఉండదు. కేరళ 1973-74లో రైల్వేస్‌పై 3-2తో తొలిసారి గెలిచినప్పుడు మూడు గోల్సూ కెప్టెన్ మణి కొట్టారని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. 1974-75లో పంజాబ్ ఆటగాడు ఇందర్ సింగ్ 23 గోల్స్ కొట్టారన్నది ఇప్పటికీ చెప్పుకునే అంకె. ఆ పేర్లు నిలిచింది ఎవరో ఒకరు రాసిపెట్టారు కాబట్టి. కొల్లంలో బెంగాల్‌ను ఓడించిన 1965-66 జట్టు గురించి మనం అలా చెప్పలేకపోతున్నామంటే లోపం ఆటలో లేదు, రాతలో ఉంది.

మొదట 8 టోర్నీలు చాలు. గెలిచినవి మూడు. రన్నరప్‌గా మిగిలినవి మూడు: హైదరాబాద్ బెంగాల్ చేతిలో ఓడిన 1949-50, 1950-51, ఆంధ్రప్రదేశ్ మద్రాసులో మహారాష్ట్ర చేతిలో 1-0తో ఓడిన 1963-64. నగరం ఆతిథ్యమిచ్చినవి 1957-58, 1966-67, 2024-25. 1957-58 రెండు చోట్లా వస్తుంది కాబట్టి మొత్తం ఎనిమిదే. 2024-25కు కాగితాలన్నీ ఉంటాయి, దాన్ని నమూనాగా ముందు నింపండి. ఏ గడి ఎలా నింపాలో దానితో అర్థమవుతుంది.

ప్రతి మ్యాచ్‌కూ ఒక పత్రం. అందులో సీజన్, దశ, తొలి మ్యాచా రీప్లేనా, తేదీ, నగరం, మైదానం, జట్లు ఆనాటి పేర్లతో, తుది స్కోరు, విరామ స్కోరు, అదనపు సమయం ఆడారా లేదా, గోల్ కొట్టినవారు, నిమిషం, రెండు జట్ల పదకొండేసి పేర్లు, రెఫరీ, లైన్స్‌మన్లు ఉండాలి. చివరి గడి ఆధారం: పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ, కాలమ్. ఆధారం గడి ఖాళీగా ఉన్న ఏ వివరాన్నీ అధికారిక పట్టికలోకి ఎక్కించకూడదు. సమాచారం దొరకని గడిని ఖాళీగానే వదలండి, ఊహతో నింపకండి. ఖాళీ గడిని తర్వాత ఎవరైనా నింపుతారు. తప్పుతో నిండిన గడిని ఎవరూ మళ్లీ తెరిచి చూడరు.

పత్రికలు మూడు ఊళ్ల నుంచి కావాలి: మ్యాచ్ జరిగిన ఊరు, మన ఊరు, ప్రత్యర్థి ఊరు. 1965-66 ఫైనల్‌కు మలయాళ పత్రికలు, హైదరాబాద్ తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పత్రికలు, కలకత్తా పత్రికలు. స్కోరు, గోల్ నిమిషం విషయంలో తేడా వస్తే మ్యాచ్ జరిగిన ఊరి పత్రికను నమ్మండి, దాని విలేకరి మైదానంలో ఉంటాడు. మన ఆటగాళ్ల పేర్లలో తేడా వస్తే మన ఊరి పత్రికను నమ్మండి, వాళ్లను రోజూ చూసేది దాని విలేకరే. ఒక హెచ్చరిక: మూడు పత్రికల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే వార్త కనిపిస్తే అది ఒకే వార్తా సంస్థ పంపిన టెలిగ్రాం. దాన్ని మూడు ఆధారాలుగా కాదు, ఒక్కటిగానే లెక్కించాలి. టెలిగ్రాంలో పేరు ఒకసారి తప్పుపోతే దేశమంతటా అదే తప్పు అచ్చవుతుంది.

తేదీ దగ్గర జారిపడేవారు ఎక్కువ. ఉదయం పత్రిక నిన్నటి మ్యాచ్‌ను ఇవాళ రాస్తుంది, కాబట్టి సంచిక తేదీని మ్యాచ్ తేదీగా రాయకూడదు. వార్త మొదట్లో ఊరి పేరు పక్కన ఉండే తేదీని చూడాలి. పండగకు పత్రికకు సెలవొస్తే వార్త రెండు రోజుల తర్వాత వస్తుంది. ఇంకో ఉచ్చు సీజన్. 1956-57 కప్పును ఒకరు 1956 అంటారు, మరొకరు 1957 అంటారు. 1957-58నీ అలాగే 1957 అని, 1958 అని రాస్తారు. ఈ రెండు రకాల రాతల్నీ కలిపి చదివితే హైదరాబాద్ 1956, 1957, 1958లో మూడుసార్లు గెలిచినట్టు కనబడుతుంది! సీజన్ ఎప్పుడూ రెండు సంవత్సరాలతోనే రాయాలి, మ్యాచ్ తేదీ విడిగా రాయాలి.

ఆనాటి జట్ల కూర్పు చదవడంలోనూ మెలకువ కావాలి. పత్రికలు పేర్లను గోల్‌కీపర్, ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌ల వరసలో అచ్చువేసేవి. జట్టు మైదానంలో వేరే పద్ధతిలో ఆడినా అచ్చులో వరస మారేది కాదు. రహీం శిక్షణలోని జట్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఆయన వ్యూహాల్లో కొత్తదనం కోసం వెతికే మనిషి. పత్రికలో అయిదుగురు ఫార్వర్డ్‌లు ఉన్నారని జట్టు 2-3-5 ఆడిందని తేల్చేయకండి. పేరు రాసుకోండి, ఆడిన స్థానం గురించి వార్త వివరంలో ఏముందో విడిగా రాసుకోండి. నిమిషాల విషయానికొస్తే, ఆ కాలంలో దేశవాళీ పోటీల్లో 70 నిమిషాల ఆట మామూలే. రెండో సగం పదో నిమిషం అని వార్తలో ఉంటే దాన్ని 55వ నిమిషంగా మార్చి రాసే ముందు, ఆ మ్యాచ్ ఎంతసేపు ఆడారో తేల్చుకోవాలి. 35 నిమిషాల సగమైతే అది 45వ నిమిషం అవుతుంది. తేలకపోతే వార్తలో ఉన్నట్టే రాయండి.

పేర్లు. ఉర్దూ పేర్లు ఇంగ్లిష్‌లోకి ఒక్కో పత్రికలో ఒక్కో స్పెల్లింగ్‌తో వెళ్లాయి, అక్కడి నుంచి తెలుగులోకి ఇంకో రకంగా వచ్చాయి. మహమ్మద్, హుస్సేన్, అహ్మద్ అని ఒంటిపేరు మాత్రమే ఉంటే అది ఎవరో తేల్చడం ఇంకా కష్టం. అన్నదమ్ములు ఒకే కాలంలో ఆడిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి, హబీబ్, అక్బర్‌లే ఉదాహరణ. అందుకని ప్రతి ఆటగాడికీ ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్య కింద కనబడిన రూపాలన్నీ, ఏ పత్రికలో ఏ రూపం ఉందో సహా రాయండి. ఇద్దర్ని ఒకరిగా కలిపేస్తే తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. ఒకరిని ఇద్దరిగా ఉంచితే ఆధారం దొరికిన రోజున కలపడం నిమిషం పని. అనుమానం ఉన్నప్పుడల్లా విడిగానే ఉంచండి.

రీప్లేలు ఇంకో తలనొప్పి. ఫైనల్ సమంగా ముగిస్తే మళ్లీ ఆడించేవారు. 1975-76లో బెంగాల్, కర్ణాటక ఫైనల్ 0-0తో ముగిసి, మళ్లీ ఆడితే 3-1 వచ్చింది. పట్టికల్లో చివరి స్కోరే మిగులుతుంది కాబట్టి మొదటి మ్యాచ్‌లో ఆడినవారి పేర్లు జారిపోతాయి. మొదటి మ్యాచ్ ఆడి రీప్లేలో లేని ఆటగాడు కూడా ఆ టోర్నీ జట్టులో సభ్యుడే. పతక విజేతల జాబితా ఫైనల్ పదకొండు మందితో ఆగిపోకూడదు. టోర్నీలో ఒక్క మ్యాచ్ ఆడినా, ఆడకుండా జట్టుతో ప్రయాణించినా, ఏ వర్గంలో ఉన్నారో చెప్తూ పేరు చేర్చాలి.

పత్రికల కట్టలు తీసేటప్పుడు జాగ్రత్త. పాత న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం వల్ల కాగితం పసుపెక్కి, మడత దగ్గర పెళుసై ఉంటుంది. కట్టను పూర్తిగా వెనక్కి విరిచి స్కానర్ మీద అదిమితే వెన్ను ఊడి పేజీలు రాలిపోతాయి. సగం తెరిచి, రెండు వైపులా దిండ్లో చెక్క ఆసరాలో పెట్టి, పైనుంచి కెమెరాతో తీయాలి. ఫ్లాష్ వద్దు, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో వెలుతురు పడితే అక్షరాలు మెరవవు. వార్త ముక్క ఒక్కటే కాదు, ముందుగా పేజీ మొత్తాన్ని తీయాలి, పత్రిక పేరూ తేదీ అందులో కనబడాలి. ఆ తర్వాతే దగ్గరి ఫొటో. ఫైలు పేరులో పత్రిక, సంవత్సరం, నెల, రోజు, పేజీ అదే వరసలో ఉండాలి. ప్రతులు మూడు, అందులో ఒకటి వేరే ఊళ్లో. కత్తిరింపుల పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా దొరికితే వాటికి లామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లోటేప్ అతికించకండి. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాల్ని మింగేస్తుంది.

జట్టు ఫొటోల వెనక బాల్‌పెన్నుతో పేర్లు రాయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్‌తో అంచున సంఖ్య వేసి, పేర్లు వేరే కాగితం మీద రాయాలి. ఫొటో కింద అచ్చయిన ఎడమ నుంచి కుడికి పేర్లను కూడా గుడ్డిగా నమ్మకండి. కూర్చున్నవారి వరసనూ నిల్చున్నవారి వరసనూ తారుమారు చేసిన శీర్షికలు తక్కువేం కాదు. అదే ఆటగాడిది వేరే ఫొటో ఇంకొకటి పక్కన పెట్టి సరిపోల్చాలి. పతకాలు, కప్పుల నమూనాలు దొరికితే పాలిష్ పెట్టి మెరిపించాలని చూడకండి. పైపూత పోతుంది, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. ముందుగా అక్షరాలు కనబడేలా పక్క వెలుతురులో ఫొటో తీసుకోండి.

ఆడినవారి మాటలు రికార్డు చేయడం అన్నిటికంటే తొందరగా జరగాల్సిన పని. 1965-66లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు ఎనభై. సన్మాన సభలో మైకు ఇచ్చి నాలుగు మాటలు చెప్పమంటే రికార్డుకు పనికొచ్చేది ఏమీ రాదు. ఒక్క మ్యాచ్ తీసుకోవాలి. ఎవరు ఏ స్థానంలో ఆడారు, ఏ రైల్లో వెళ్లారు, ఎక్కడ దిగారు, నేల తడిగా ఉందా, గోల్ ఎటువైపు పడింది, ఇలా చిన్న ప్రశ్నలు వేయాలి. పత్రిక కత్తిరింపు ముందే చూపిస్తే ఆయన చదివిందే తిరిగి చెప్తారు. ముందు జ్ఞాపకం రికార్డు చేసి, తర్వాత కత్తిరింపు చూపించి, మారిన మాటల్ని విడిగా రికార్డు చేయాలి. ఉర్దూలో మాట్లాడేవారి దగ్గరికి ఉర్దూ వచ్చినవారే వెళ్లాలి. పత్రికకూ జ్ఞాపకానికీ తేడా వస్తే పట్టికలో పత్రిక మాట, వివరణలో ఆయన మాట పెట్టండి. ఆయనతో వాదించే పని లేదు.

చివరగా ఇప్పటి పోటీల సంగతి. 2024-25 తుది దశలో 12 జట్లు ఆడాయి. అర్హత గ్రూపుల విజేతలు 9, అంతకుముందు ఫైనల్ ఆడిన సర్వీసెస్, గోవా, ఆతిథ్య జట్టుగా తెలంగాణ. ముందు దశలు డెక్కన్ ఎరీనాలో, సెమీఫైనళ్లు, ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగాయి. డిసెంబరు 31న ఆట ముగిసే క్షణాల్లో రాబి హన్స్‌దా గోల్‌తో బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది, ఆ టోర్నీలో ఆయన గోల్స్ 12. ఇవన్నీ ఇవాళ ఫోన్‌లో దొరుకుతాయి. కానీ ఫోన్‌లో దొరికేదంతా నిలిచి ఉండేది కాదు. వెబ్‌సైటు మారిన ప్రతిసారీ పాత లింకులు చచ్చిపోతాయి. టోర్నీ ముగిసిన 30 రోజుల్లో ప్రతి మ్యాచ్ అధికారిక పత్రాన్నీ ముద్రించి, రెఫరీ, మ్యాచ్ కమిషనర్ సంతకాలతో ఒక ప్రతి ఆతిథ్య సంఘం దగ్గర, ఒకటి రాష్ట్ర గ్రంథాలయంలో ఉంచే నిబంధన పెట్టండి. అర్హత దశ మ్యాచ్‌ల పత్రాలు కూడా చేర్చాలి. ఎక్కువగా పోయేవి అవే. తుది దశకు చేరని జట్టు ఆడిన ఆటలు అవి మాత్రమే కాబట్టి, రెండు తెలుగు రాష్ట్రాలకూ చాలా ఏళ్ల చరిత్ర వాటిలోనే ఉంటుంది.

ఈ పనికి రెండు సంఘాలు కలిసి ఆరుగురితో ఒక బృందం వేస్తే చాలు. తెలుగు, ఉర్దూ, బెంగాలీ, మలయాళం చదివేవారు ఒక్కొక్కరు, ఫొటోలు తీసేవారు ఒకరు, పట్టిక నింపేవారు ఒకరు. పట్టిక నింపేవారికి పత్రిక ఫొటో చూడకుండా ఏ గడీ మార్చే అధికారం ఉండకూడదు. మొదటి మూడు నెలలు 1965-66 ఒక్కటే తీసుకోండి. ఆడినవారిలో ఇంకా అడగగలిగినవారు ఎక్కువమంది దొరికేది దానికే. కొల్లం ఫైనల్ పత్రం పూర్తయ్యాక వెనక్కి 1963-64కు, అక్కడి నుంచి 1957-58కు వెళ్లండి.

ఇట్లు,
సంతోష్ ట్రోఫీ రికార్డులు సేకరించే కొందరం